బాల్కనీలో పెరుగన్నం

9 మార్చి 2025, ఆదివారం. సాయంత్రం 6:40

కొత్త సంవత్సరానికి ఆఫీసు వాళ్ళు ఇంటికి పంపిన డైరీ ఇది. రెండు నెలలుగా ఖాళీగా పడుంది. ఈరోజు రాయకపోతే నాకు ఊపిరాడేలా లేదు.

పొద్దున మా పాప రసజ్ఞకి అన్నప్రాశన. ఆడపిల్లకి బేసి నెలలో పెట్టాలట. ఐదో నెలలో పిల్లల డాక్టర్ వద్దన్నారు కాబట్టి ఏడో నెల రాగానే పెట్టుకున్నాం. మణికొండలో మా ఫ్లాట్‌లోనే, హాల్లో చాప పరిచి. మా ఆయన అవినాష్ వాళ్ళమ్మ రత్నమాల గారు తెనాలి నుంచి వెండి గిన్నె తెచ్చారు. పరమాన్నం కూడా ఆవిడే వండారు. చిక్కటి పాలు, పాత బెల్లం. పాప ముందు పుస్తకం, పెన్ను, గొలుసు పెట్టాం. అది బోర్లా పడి జరుగుతూ అన్నిటినీ దాటి వెళ్ళి వాళ్ళ నాన్న ఫోన్ పట్టుకుంది. ఇదీ సాఫ్ట్‌వేరే అని అందరూ నవ్వారు. అత్తయ్య తన ఉంగరం పరమాన్నంలో ముంచి మూడుసార్లు నాకించారు.

పది నిమిషాలు కూడా కాలేదు. ముందు కింది పెదవి ఉబ్బింది. తర్వాత మెడ మీద, పొట్ట మీద ఎర్రటి దద్దుర్లు. రెండుసార్లు కక్కుకుంది. ఏడుపు సన్నబడిపోయింది. అప్పుడు భయమేసింది. ఇల్లెగిరిపోయేలా ఏడ్చే పిల్ల సన్నగా ఏడవడం నేను ఇంకోసారి వినలేను.

ఆదివారం కాబట్టి రోడ్డు ఖాళీ. ఏడు నిమిషాల్లో ఆసుపత్రికి చేరాం. తొడకి ఇంజెక్షన్ ఇచ్చారు. పావుగంటలో నా పిల్ల మళ్ళీ నా పిల్లలా గట్టిగా ఏడ్చింది. నేనూ ఏడ్చాను, అది వేరే సంగతి.

ఇప్పుడు నిద్రపోతోంది. నేను దీన్ని వదిలిపెట్టను. ఏంటో తేలాలి.

11 మార్చి, మంగళవారం

అలర్జీ డాక్టర్ పార్థసారథి గారు. అరవై దాటి ఉంటారు, దేనికీ తొందరపడరు. నా ముప్పై రెండు ప్రశ్నల లిస్టు చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

పాప వీపు మీద చుక్కలు వేసి సన్నగా గుచ్చారు. గుడ్డుకి ఏమీ రాలేదు. వేరుశనగకి ఏమీ రాలేదు. పాల చుక్క దగ్గర రూపాయి బిళ్ళంత ఉబ్బింది. ఆవు పాలైనా గేదె పాలైనా ఒకటేనట, రెండూ వద్దన్నారు.

ఎందుకిలా అయింది అని అడిగాను. పుట్టినప్పటి నుంచి చెప్పమన్నారు. ఆపరేషన్ చేసి తీశారు. మూడో రోజు ఇన్ఫెక్షన్ అన్నారు, ఎన్‌ఐసీయూలో పది రోజులు యాంటీబయాటిక్స్. మూడో నెల నుంచి బుగ్గల మీద, మోచేతి మడతల్లో పగుళ్ళు, ఎగ్జిమా. అంతా రాసుకున్నారు. పుట్టగానే పేగుల్లో బ్యాక్టీరియా చేరి ఇది తిండి, ఇది శత్రువు అని ఒంటికి నేర్పుతాయమ్మా, యాంటీబయాటిక్స్ నీ బిడ్డ ప్రాణం కాపాడాయి, కానీ ఆ బడికి పది రోజులు సెలవిచ్చాయి అన్నారు. అయితే అదే కారణమా అన్నాను. అదొక్కటే అని చెప్పలేను, ఎవరూ చెప్పలేరు అన్నారు.

నేను పన్నెండేళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. కారణం చెప్పలేం అనే మాటని మా టీమ్‌లో ఎవరి నోటి నుంచీ రానివ్వను.

చెయ్యాల్సినవి చెప్పారు. పాపకి పాలు, పాలతో చేసినవి ఏవీ వద్దు. నా పాలు తాగుతోంది కాబట్టి నేనూ మానెయ్యాలి. ఒంటికి సబ్బు వద్దు, ఆయన రాసిన సీసాలోదే వాడాలి. వేరుశనగ మాత్రం ఆలస్యం చెయ్యకుండా మెత్తటి ముద్దగా అలవాటు చెయ్యాలి, లేకపోతే అదీ పడకుండా పోవచ్చు. ఇంట్లో ఎప్పుడూ ఆ ఇంజెక్షన్ ఉండాలి. ఎలా ఎక్కించాలో నాకూ అవినాష్‌కీ నిమ్మకాయ మీద నేర్పించారు. చాలామంది పిల్లలకి రెండు మూడేళ్ళకి తగ్గిపోతుంది, కానీ అప్పటిదాకా మళ్ళీ మళ్ళీ ఇలా కాకుండా చూసుకోవాలి అన్నారు.

చూసుకుంటాను. అది నా పని.

14 మార్చి, శుక్రవారం

వంటిల్లంతా ఖాళీ చేసి డబ్బా డబ్బా చదివాను. బ్రెడ్డులో పాలు. రస్కులో పాలు. చిప్స్ ప్యాకెట్లో పాలపొడి ఉంటుందని ఎవరనుకుంటారు. సూప్ పౌడర్‌లోనూ ఉంది. మూడు సంచులు నిండాయి. వాచ్‌మన్ ఎల్లయ్యకి ఇస్తే, మీకేమన్న అయిందా మేడం, ఊరికి పోతున్నరా అని అడిగాడు.

చిక్కంతా అత్తయ్య పెరుగు. ఆవిడ ఎక్కడికి వెళ్ళినా చిన్న స్టీలు కేరియర్‌లో తోడు తెచ్చుకుంటారు. పెళ్ళై వచ్చినప్పుడు వాళ్ళ అత్తగారిచ్చిన తోడట. నలభై ఏళ్ళుగా ఒక్కరోజు కూడా తెగలేదట. పెరుగు లేకుండా ఆవిడకి భోజనం అయినట్టు కాదు, పైగా పాప కోసం నెలల తరబడి ఇక్కడ ఉండటానికి వచ్చిన మనిషి. మానెయ్యమని ఎలా చెప్పను? బాల్కనీలో తినండి, తిన్నాక అక్కడే చేతులు కడుక్కోండి అన్నాను. సరేనమ్మా అన్నారు. మధ్యాహ్నం చూస్తే, సిగరెట్ తాగడానికి బయటికెళ్ళిన మగవాళ్ళలా పళ్ళెం పట్టుకుని బాల్కనీలో నిలబడి, తలుపు మూసుకుని పెరుగన్నం తింటున్నారు. నవ్వొచ్చింది. కొంచెం జాలి కూడా వేసింది.

15 మార్చి

పెరుగు లేకుండా అన్నం తిన్నాను. తిన్నట్టే లేదు.

20 మార్చి, గురువారం

వారం రోజులుగా పేగుల బ్యాక్టీరియా గురించే చదువుతున్నాను. స్నానం చేస్తూ కూడా అదే ఆలోచన. నా పిల్ల కడుపులో ఏమేం పురుగులున్నాయో, ఏవి లేవో తెలుసుకోవాలి. డయపర్‌లోంచి చెంచాడు తీసి పంపిస్తే మొత్తం పేర్లు రాసిచ్చే ల్యాబ్ ఉంది. మంచి బ్యాక్టీరియా పొట్లాలు కూడా ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. పొట్లాలు తెప్పించాను. వెనకాల అక్షరాలు చీమ తలకాయంత ఉన్నాయి. ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసి చదివాను. పాల ఆనవాళ్ళు ఉండవచ్చును. పాలు పడని పిల్లకి మందని కొన్నదాంట్లోనూ పాలు. డబ్బా తీసి చెత్తబుట్టలో కొట్టాను.

డాక్టర్ గారికి ఫోన్ చేస్తే, ఆ ల్యాబ్ పేర్లతో నేను చేసేదేమీ లేదమ్మా, ఏ పొడీ దీన్ని తగ్గిస్తుందని ఇంకా రుజువు కాలేదు, నీ పాలు, రకరకాల తిండి, అవే ఆ బడికి పంతుళ్ళు అన్నారు. ఇంత సాదాగా చెబితే నాకు కోపం వస్తుంది. కానీ ఆయన చెప్పింది నిజమే అనిపిస్తోంది.

ఒక మంచి వార్త. వేరుశనగ ముద్ద చెంచా చివర అంటించి పెట్టాను. రెండు గంటలు పక్కనే కూర్చుని చూశాను. ఏమీ కాలేదు. అనంతపురానికి ఫోన్ చేసి అమ్మకి చెప్పాను. చెనిక్కాయలు పడకపోతే అది మన ఇంటి పిల్ల ఎట్లయితాది అంది మా అమ్మ కమలమ్మ.

చర్మం కూడా మెత్తబడుతోంది. పది రోజులుగా నేనే స్నానం పోస్తున్నాను, ఆ సీసాలోదానితో.

24 మార్చి, సోమవారం

రేపటి నుంచి ఆఫీసు. మంగళ, బుధ, గురువారాలు రాయదుర్గం వెళ్ళాలి. సోమ, శుక్రవారాలు ఇంటి నుంచే. నేను పిండి ఫ్రిజ్‌లో పెట్టే పాలు అత్తయ్య సీసాతో పట్టిస్తారు. ఆ మూడు రోజులూ స్నానానికి సాయమ్మ వస్తుంది. రెండో నెల నుంచీ పాపకి రోజూ నూనె రాసి నీళ్ళు పోసింది సాయమ్మే, ఈ రెండు వారాలే నేను మాన్పించాను. నేల మీద కాళ్ళు చాపి, కాళ్ళ మీద బిడ్డని పడుకోబెట్టి పోయాలి. అత్తయ్య మోకాళ్ళకి అది కుదరదు. సబ్బు మాత్రం వాడొద్దు సాయమ్మా, డాక్టర్ గట్టిగా చెప్పారు అని రెండుసార్లు చెప్పాను. గట్లనే బిడ్డా, సబ్బు ముట్టనే ముట్ట అంది.

27 మార్చి, గురువారం

మంగళవారం దద్దుర్లు. బుధవారం దద్దుర్లు. ఈరోజూ దద్దుర్లు. పది గంటలకి అత్తయ్య ఫొటో పంపుతారు, మధ్యాహ్నానికి తగ్గిపోతాయి. నేను ఇంటికొచ్చేసరికి ఏమీ ఉండదు, పాప నవ్వుతూ ఉంటుంది. నాకు మాత్రం ఆ ఫొటోలే కళ్ళ ముందు.

3 ఏప్రిల్, గురువారం. మధ్యాహ్నం 1:15, ఆఫీసు క్యాంటీన్

ఈ వారం కూడా అంతే. మూడు రోజులూ.

షీట్ తయారు చేశాను. టైమ్, పాప తిన్నది, నేను తిన్నది, దద్దుర్లు. నలభై వరసలు నిండాయి. తిండిలో తేడా ఏమీ లేదు. శుక్రవారం తిన్న రాగి జావే మంగళవారమూ తింది. అప్పుడు ఇంకో కాలమ్ పెట్టాను. ఎవరు ఉన్నారు?

నింపాక చూస్తే కళ్ళకి కొట్టినట్టు కనిపించింది. నేనున్న రోజుల్లో ఏమీ లేదు. అత్తయ్య ఒక్కరే ఉన్న రోజుల్లో దద్దుర్లు. ఆరుకి ఆరు.

ఇలా అనుకోవడం నాకు ఇష్టం లేదు. అయినా అంకెలు అబద్ధమాడవు.

8 ఏప్రిల్, మంగళవారం

హాల్లో టీవీ పక్కన కెమెరా పెట్టాను. ఆఫీసులో బెంగగా ఉంటోంది, పాపని చూసుకోవడానికి అని చెప్పాను. అత్తయ్య సంబరపడ్డారు. పొద్దున నేను వెళ్ళిన అరగంటకి పాప చెయ్యి పట్టుకుని కెమెరా వైపు ఊపించారు.

నేను మీటింగులో ఉండి, చూసి కూడా చూడనట్టు ఫోన్ బోర్లా పెట్టాను.

10 ఏప్రిల్, గురువారం

దొరికింది అనుకున్నాను.

పొద్దున 9:25కి అత్తయ్య స్టీలు గ్లాసులోంచి చెంచాతో పాపకి ఏదో పోస్తున్నారు. తెల్లగా ఉంది. పది గంటలకి ఫొటో వచ్చింది, దద్దుర్లు. స్క్రీన్ షాట్ తీసుకుని, మేనేజర్‌కి మెసేజ్ పెట్టి, ఆటో ఎక్కాను.

ఇంట్లోకి అడుగు పెడుతూనే అడిగాను. ఏం పోశారు? గంజి అమ్మా, బియ్యం పడతాయని డాక్టర్ గారు చెప్పారుగా అన్నారు. మీరు ఉప్పు వెయ్యకుండా మజ్జిగ తేట పట్టిస్తున్నారు, నాకు తెలుసు అన్నాను. గంజే అమ్మా, గ్లాసు ఇంకా కడగలేదు, కావాలంటే వాసన చూడు అని గ్లాసు నా చేతికివ్వబోయారు. నేను తీసుకోలేదు. షీట్ తెరిచి చూపించాను. ఆరుకి ఆరు, ఈ వారంతో తొమ్మిదికి తొమ్మిది అన్నాను. బాల్కనీలో దాక్కుని తినే మనిషికి బిడ్డ దగ్గర మాత్రం దాపరికం ఉండదా అని కూడా అన్నాను.

ఆ ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది. బాల్కనీలో తినమన్నది నేనే.

ఆవిడ గ్లాసు తీసుకెళ్ళి కడిగి బోర్లించారు.

11 ఏప్రిల్, శుక్రవారం

పొద్దున రైలుకి అత్తయ్య తెనాలి వెళ్ళిపోయారు. అవినాష్ నాతో మాట్లాడటం లేదు. మాట్లాడకపోతే మానె. నాకు పిల్ల ముఖ్యం.

25 ఏప్రిల్, శుక్రవారం

రెండు వారాలు ఇంటి నుంచి పని చెయ్యడానికి పర్మిషన్ తీసుకున్నాను. సాయమ్మనీ రావద్దన్నాను, స్నానం నేనే. పద్నాలుగు రోజులు. ఒక్క మచ్చ లేదు. పాప మోకాళ్ళ మీద లేచి ఊగుతోంది. బుగ్గలు నున్నగా అయ్యాయి.

షీట్ అవినాష్‌కి చూపించాను. ఒప్పుకో అన్నాను. అమ్మ అబద్ధం చెప్పదు శ్రావణీ, నీ షీట్‌కి తెలియనిది ఏదో ఉంది అన్నాడు. కొడుకు కదా అనుకున్నాను.

29 ఏప్రిల్, మంగళవారం. సాయంత్రం

 వరసగా రాయడానికి ప్రయత్నిస్తాను.

ఈరోజు మా సాఫ్ట్‌వేర్ రిలీజ్. ఆఫీసుకి వెళ్ళక తప్పలేదు. అవినాష్ ఇంట్లో ఉన్నాడు, సాయమ్మని స్నానానికి రమ్మన్నాను. 9:50కి ఫోన్ వచ్చింది. ఊపిరి ఈల వేస్తోంది, ముఖమంతా ఉబ్బింది, ఇంజెక్షన్ ఇచ్చేశాను, ఆటోలో ఉన్నాం అన్నాడు. అవినాష్‌కి సూది అంటేనే కళ్ళు తిరుగుతాయి. ఆ మనిషి ఇచ్చాడు.

నేను రాయదుర్గం నుంచి ఎలా వెళ్ళానో గుర్తులేదు. దారిలో ఒకటే ఆలోచన. తెనాలి ఇక్కడి నుంచి మూడు వందల కిలోమీటర్లు. అత్తయ్య ఇక్కడ లేరు.

ఆసుపత్రిలో పాప అవినాష్ భుజం మీద పడుకుని ఉంది. ఊపిరి సర్దుకుంది. పక్కన బెంచీ మీద సాయమ్మ, తడి చీరతోనే. పార్థసారథి గారు వచ్చారు. ఏం తిన్నది అని నేను రోజూ అడిగే ప్రశ్న ఆయన అడగలేదు. సాయమ్మ పక్కన కూర్చుని, పాప లేచినప్పటి నుంచి నువ్వు చేసినవన్నీ ఒకటొకటి చెప్పమ్మా, చిన్నదైనా వదలకు అన్నారు.

సాయమ్మ చెప్పింది. కొబ్బరి నూనె రాసిన సారు. కాళ్ళు చేతులు సాగదీసిన. ఎచ్చటి నీళ్ళు పోసిన. సబ్బు వద్దన్నది గద మా బిడ్డ, గందుకే సబ్బు ముట్టలే, సున్నిపిండి తడిపి మంచిగ రుద్దిన. పోరి ఊకుంటదా, పిండి చెయ్యి నోట్లనే పెట్టుకుంటది. నోట్ల నేనైతే ఏం పెట్టలే, నా పిల్లల మీద ఒట్టు.

సున్నిపిండి ఎక్కడిది అని అడిగారు డాక్టర్. ఆమె నా వైపు చూపించింది. ఈమెనే ఇచ్చింది సారు, పెద్ద డబ్బ, బాలింతప్పుడే.

30 ఏప్రిల్, బుధవారం. పొద్దున 7:00

డబ్బా నా ముందు ఉంది.

హాల్ పక్క బాత్రూమ్‌లో పై అరలో ఉంటుంది. ఆ బాత్రూమ్ నేను వాడను. నేను పాపకి స్నానం పోసేది మా గదిలోదాంట్లో, డాక్టర్ సీసా అక్కడే ఉంటుంది. డబ్బాకి తెల్ల టేపు, దాని మీద స్కెచ్ పెన్నుతో నా చేతి రాత. సున్నిపిండి. ఆగస్టు 2024. పెసలు, కందిపప్పు, కస్తూరి పసుపు, పాలపొడి.

పాలపొడి కింద రెండు గీతలు.

తొమ్మిదో నెలలో నేనే మర పట్టించాను. ఎవరో వాట్సప్‌లో పంపారు, పాలపొడి కలిపితే బిడ్డ తెల్లగా వస్తుందని. చిన్నప్పుడు నన్ను మా వీధిలో నల్లపిల్ల అనేవాళ్ళు. నా కూతుర్ని అలా ఎవరూ అనకూడదనుకున్నాను. ఎమ్‌టెక్ చదివాను. రెండు గీతలు గీశాను.

ఊళ్ళో ఉన్న లేబుల్స్ అన్నీ చదివాను. నేను రాసిన లేబుల్ చదవలేదు. నోట్లోకి వెళ్ళిన ప్రతి చెంచా షీట్‌లో ఉంది. ఒంటి మీద రుద్దిందానికి అసలు కాలమ్ లేదు.

నిన్న డాక్టర్‌ని అడిగాను, అసలు ఈ అలర్జీ తెచ్చింది నేనేనా అని.  నోటి గుండా వెళ్ళింది ఒంటికి చుట్టంలా పరిచయమవుతుంది, పగిలిన చర్మం గుండా వెళ్ళింది దొంగలా పరిచయమవుతుంది అని ఈమధ్య మేం అనుకుంటున్నాం, అదీ ఉండొచ్చు, యాంటీబయాటిక్సూ ఉండొచ్చు, వంశమూ ఉండొచ్చు, నేరస్తుణ్ణి వెతకడం మానెయ్యమ్మా, తలుపు ఏదో తెలిసింది కదా, మూసెయ్యి అన్నారు.

మూస్తాను. డబ్బా కవర్లో కట్టి కిందికి పంపుతున్నాను. బాత్రూమ్ నేనే కడుగుతాను. ఆ తర్వాత తెనాలికి ఫోన్.

అదే రోజు, 11:30

ఫోన్ మామయ్య ఎత్తారు.  తర్వాత అత్తయ్య గొంతు. పాపకి ఎలా ఉంది అని మొదటి మాట. బాగుంది అన్నాను. తర్వాత అంతా చెప్పాను. పాలపొడి, రెండు గీతలు, తెల్లగా రావాలని అనుకున్నది కూడా. గ్లాసు వాసన చూడాల్సింది అత్తయ్యా, చూడలేదు, నన్ను క్షమించండి అన్నాను.

ఆవిడ వెంటనే సరేలే అంటారనుకున్నాను. అనలేదు. ఇప్పుడు నాకు మాట్లాడబుద్ధి కావట్లేదమ్మా, పిల్ల క్షేమంగా ఉంది, అంతవరకు చాలు అని పెట్టేశారు.

న్యాయమే.

4 మే, ఆదివారం

ఈరోజు కూడా ఫోన్ రాలేదు. నేనూ చెయ్యలేదు. సాయమ్మకి కూడా క్షమాపణ చెప్పాను. నీ తప్పేముంది బిడ్డా, నా తప్పేముంది, ఇద్దరం పోరి మంచికే జేసినం అంది. ఆమె ముందు నేను చాలా చిన్నగా కనబడ్డాను, నాకే.

6 మే, మంగళవారం. పొద్దున 6:05

అత్తయ్య ఫోన్. హలో కూడా లేదు. కాగితం పెన్ను తీసుకో అన్నారు.

వేరుశనగ గింజలు రాత్రి నానబెట్టు. పొట్టు తీసి మెత్తగా రుబ్బి, నీళ్ళు కలిపి పల్చటి గుడ్డలో వడగట్టు. కాచి గోరువెచ్చగా చల్లార్చు. పచ్చిమిరపకాయల తొడిమలు ఏడెనిమిది అందులో వేసి మూత పెట్టి కదపకుండా ఉంచు. తోడు వెయ్యకు, నా తోడులో పాలున్నాయి. మొదటిసారి నీళ్ళలా వస్తుంది, భయపడకు. అందులోంచి చెంచాడు తీసి రెండోసారి తోడు పెట్టు. మూడోసారికి గడ్డ కడుతుంది. నేను పదిహేను రోజులుగా చేసి చూస్తున్నాను, నాకు నాలుగోసారికి కుదిరింది.

పదిహేను రోజులుగా. అంటే నేను ఫోన్ చెయ్యక ముందు నుంచే. నేను ఆవిడని దొంగని చేసి పంపించాక, ఆవిడ అక్కడ నాకోసం పాలు లేని పెరుగు తోడు పెడుతున్నారు.

 రాసుకున్నావా అన్నారు. రాసుకున్నాను అన్నాను.

10 మే, శనివారం

అత్తయ్య వచ్చారు. చేతిలో ఒకే కేరియర్, వేరుశనగ పెరుగుది. నలభై ఏళ్ళ తోడు పక్కింటి వాళ్ళకి ఇచ్చి, రోజూ తోడు పెట్టుకుంటూ ఉండండి, ఎప్పుడో అడుగుతాను అని చెప్పి వచ్చారట. బాల్కనీలో తినడానికి ఇక్కడ కొనుక్కునే పెరుగు చాలన్నారు.

కాఫీ కూడా తాగకుండా, నీ పట్టిక చూపించు, నా పేరున్న గడి చూడాలి అన్నారు. లాప్‌టాప్ తెచ్చి పక్కన కూర్చున్నాను. అత్తయ్య, అత్తయ్య, అత్తయ్య. తొమ్మిది వరసలు. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ చదివారు. మరి ఆ రోజుల్లో సాయమ్మ కూడా ఉందిగా అమ్మా, ఆవిడ పేరు ఏదీ అన్నారు.

లేదు. ముప్పావుగంట వచ్చి వెళ్ళే మనిషిని నేను మనిషిగా లెక్కపెట్టలేదు. అనుమానించడానికి కూడా.

ఎవరు ఉన్నారు అనే కాలమ్ తీసేశాను. ఒంటికి రాసింది అని పెట్టాను. ఇంకొకటి కూడా పెట్టు, అడిగి చూశామా అని అన్నారు అత్తయ్య. అదీ పెట్టాను.

మధ్యాహ్నం రెండు నెలల తర్వాత పెరుగన్నం తిన్నాను. వేరుశనగ వాసన కొంచెం వస్తోంది. మా అనంతపురం వాసనే అది. కొత్త ఆవకాయ నంజుకుని మూడుసార్లు కలుపుకున్నాను.

19 జూన్, గురువారం

అత్తయ్య వచ్చి నలభై రోజులు. దద్దుర్లు లేవు. అత్తయ్య చెప్తే సాయమ్మ డాక్టర్ సీసాని ముద్దుగా జిగురు నీళ్ళు అంటూ దాంతోనే పోస్తోంది.

4 సెప్టెంబర్, గురువారం

ఏడాది నిండింది. కేకులో పాలు లేవు, గుడ్డుంది, వేరుశనగ ముద్ద ఉంది. చూడటానికి ఇటుకలా ఉంది. పాప తినేసింది. పప్పు, చేప, ఆకుకూర, గోంగూర పులుపు కూడా నాకుతోంది. ఇరవై ఆరు రకాలు అయ్యాయి షీట్‌లో. ఆ బడికి పంతుళ్ళని కాస్త ఎక్కువగానే పెట్టాను.

11 డిసెంబర్, గురువారం. ఆసుపత్రి

8:30. మొదటి పరీక్ష. పాలపొడి కలిపి గట్టిగా కాల్చిన బిస్కెట్. బాగా కాలిన పాలు ముందు పడతాయట. బఠాణీ గింజంత ముక్కతో మొదలు. నర్సు పక్కనే ఇంజెక్షన్ పెట్టుకుని కూర్చుంది. ఇక్కడ తప్ప ఇంట్లో ఎవరూ ఇలా చేసి చూడకూడదని డాక్టర్ గారు అత్తయ్యకి, నాకు విడివిడిగా చెప్పారు.

8:50. ఏమీ లేదు. ఇంకొంచెం పెద్ద ముక్క.

9:10. బుగ్గ గోక్కుంది. దగ్గరికెళ్ళి చూశాను. టోపీ దారం గుచ్చుకుంటోంది, అంతే.

9:40. పావు బిస్కెట్.

10:20. మిగతా అంతా. ఇంకా కావాలని చెయ్యి చాపుతోంది.

12:30. మొత్తం బిస్కెట్ అయిపోయి రెండు గంటలు. ఏమీ లేదు. ఇంటికెళ్ళి రోజూ ఇదే పెట్టండి, కొన్ని నెలలయ్యాక ఇంకొంచెం తక్కువ కాలిన పాలు, అలా మెట్టు మెట్టుగా వెళ్దాం, చివరి మెట్లకి మళ్ళీ ఇక్కడికే రండి అన్నారు పార్థసారథి గారు. పోయిన మార్చిలో కారణం చెప్పలేనన్న మనిషి మీద కోపం ఉండేది. ఈరోజు ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టబోతే లేచి పక్క గదిలోకి వెళ్ళిపోయారు.

అత్తయ్య బయటికొచ్చి తెనాలికి ఫోన్ చేసి, పక్కింటి వాళ్ళని అడగండి, ఆ తోడు బతికే ఉందా అన్నారు మామయ్యతో.

బతికే ఉందట.

2 ఏప్రిల్ 2026, గురువారం. ఆసుపత్రి

మూడు మెట్లు ఎక్కాక ఈరోజు పెరుగు. పొద్దున పావు చెంచాతో మొదలెట్టి మధ్యాహ్నానికి చిన్న గిన్నెడు. ఏమీ కాలేదు. ఇంట్లో పెట్టొచ్చు అన్నారు. అడిగి చూశామా కాలమ్‌లో రెండుసార్లు టిక్ పెట్టాను, డాక్టర్ గారికి ఒకటి, అత్తయ్యకి ఒకటి.

5 ఏప్రిల్, ఆదివారం. మధ్యాహ్నం

1:05. తెనాలి నుంచి తెప్పించిన తోడుతో పెట్టిన పెరుగు, అన్నం. మూడు ముద్దలు.

1:20. ఏమీ లేదు.

1:35. ఏమీ లేదు.

2:05. ఏమీ లేదు. మూతి నిండా తెలుపు. తుడవలేదు.

2:10. బాల్కనీ తలుపు చప్పుడైంది. అత్తయ్య పెరుగన్నం పళ్ళెంతో లోపలికి వచ్చి, పాప పక్కన కూర్చున్నారు.